హార్ట్‌లీ వీధి బడి, తొక్కుడు రేడియో

మీ ఇంటి నుంచి మీ బడి ఎంత దూరం? ఒక కిలోమీటరా, రెండా? బడి 500 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఏం చేస్తారు?

ఆస్ట్రేలియా ఖండం నడిబొడ్డున, ఎర్రమట్టి ఎడారి భూముల మధ్య ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్టణం ఉంది. 1929లో అక్కడికి రైలు వచ్చింది. జనం పెరిగారు. మరుసటి ఏడాది హార్ట్‌లీ వీధిలో పిల్లల కోసం ఒక చిన్న బడి వెలిసింది. ఇప్పుడక్కడ పాఠాలు జరగవు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ దాన్ని భద్రపరిచింది. అలనాటి బడి ఎలా ఉండేదో వెళ్లి చూడవచ్చు.

అంతకు ముందు ఆ ఊళ్లో బడి లేదనుకోకండి. 1914లో ఐడా స్టాండ్లీ అనే ఉపాధ్యాయిని వచ్చి పాఠాలు మొదలుపెట్టింది. ఉదయం తెల్లవారి పిల్లలకు, మధ్యాహ్నం ఆదివాసీ తల్లుల పిల్లలకు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టలేదు. మధ్యాహ్నపు పిల్లలకు దక్కిన సమయం కూడా తక్కువే. పాత బడుల కథ చెప్పుకునేటప్పుడు ఇదీ చెప్పుకోవాలి.

సరే, ఊళ్లోవాళ్లకు బడి దొరికింది. మరి ఊరికి వందల కిలోమీటర్ల దూరాన, పశువుల స్టేషన్లలో ఉన్న పిల్లల సంగతి? స్టేషనంటే రైల్వే స్టేషను కాదు సుమా! వేలాది పశువులు మేసే విశాలమైన భూములూ, వాటి మధ్య ఒకటో రెండో ఇళ్లూ. అక్కడి పిల్లలకు పాఠాలు టపాలో వచ్చేవి. రాసి పంపిన జవాబు దిద్దుబాటై తిరిగి రావడానికి వారాలు పట్టేది. పక్కన కూర్చుని చదివే స్నేహితుడు లేడు.

దీనికి విరుగుడు వైద్యం కోసం పుట్టిన యంత్రంలో దొరికింది. జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడు మారుమూల రోగులకు విమానంలో డాక్టరును పంపే ఏర్పాటు 1928లో ప్రారంభించాడు. కాని డాక్టరును పిలిచేదెలా? తంతి లేదు, కరెంటు లేదు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు 1929 నాటికి ఉపాయం కనిపెట్టాడు. మీ సైకిల్ డైనమో చూశారు కదా? చక్రం తిరిగితే దీపం వెలుగుతుంది. తీగచుట్టకూ అయస్కాంతానికీ మధ్య కదలిక ఉంటే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ట్రేగర్ బల్ల కింద పెడల్స్ అమర్చాడు. కూర్చుని కాళ్లతో తొక్కితే సుమారు 20 వాట్ల విద్యుత్తు వచ్చేది. చేతులు ఖాళీగా ఉంటాయి కనుక సందేశం పంపవచ్చు. మొదట్లో మోర్స్ చుక్కలూ గీతలూ పంపేవారు. తరవాత మాటలే పంపారు.

అంత కొద్ది శక్తితో వందల కిలోమీటర్లు ఎలా చేరేది? సూర్యకిరణాల వల్ల వాతావరణపు పై పొరల్లో విద్యుదావేశ కణాలు ఏర్పడతాయి. అదే అయనావరణం. షార్ట్‌వేవ్ తరంగాలు దానికి తగిలి, గోడకు కొట్టిన బంతిలా మళ్లీ నేలకు దిగి వస్తాయి.

ఈ రేడియోతో పాఠాలెందుకు చెప్పకూడదని ఆడిలైడ్ మీత్కె అనే విద్యావేత్త అడిగింది. 1951 జూన్ 8న ఆలిస్ స్ప్రింగ్స్‌లో ‘ఆకాశవాణి బడి’ లాంఛనంగా ప్రారంభమైంది. తరగతి గది వైశాల్యం సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో మూడోవంతు కంటే ఎక్కువ! ఒకేసారి ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. అందుకే జవాబు చెప్పగానే ‘ఓవర్’ అనాలి. ఉరుములు వస్తే గరగర తప్ప మరేమీ వినిపించదు. టీచరు పిల్లలను గొంతుతోనే గుర్తుపట్టేది.

ఇప్పుడా పాఠాలు ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్‌లో సాగుతున్నాయి. పిల్లలకు టీచరు ముఖం కనిపిస్తుంది. ‘ఓవర్’ అనే పని లేదు.