ఈస్టర్ బిస్కెట్లు: ఓవెన్ లేదా? ఇసుక గిన్నెలోనే చేసేయండి.. ఈ ఒక్క జాగ్రత్త మరవొద్దు

ఐనవిల్లి: ఈస్టర్ వచ్చేస్తోంది. ఈ ఏడాది (2026) ఏప్రిల్ 5న పండుగ. ఆ రోజు తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు, చర్చిలో ఆరాధన.. ఆ తర్వాత ఇంటికొచ్చిన వాళ్లకు టీతో పాటు ఏం పెడదాం? ఇంగ్లాండ్‌లో అయితే దీనికి పాతకాలం నుంచి ఒక బిస్కెట్ ఉంది.

సోమర్సెట్, డెవాన్ వైపు ఇళ్లలో ఎండు ద్రాక్ష వేసి చేసే గుండ్రటి బిస్కెట్ ఇది. 40 రోజుల శ్రమకాలంలో గుడ్లు, వెన్న మానేసిన వాళ్లు పండుగ నాడు రెండూ కలిపి వండుకునేవారు. గోదావరి అవతల నర్సాపురంలో అడుగుపెట్టిన మిషనరీలు బౌడెన్, బీర్‌లది కూడా ఆ డెవాన్ ప్రాంతమే. అలాగని బిస్కెట్ వాళ్లు తెచ్చారని కాదు!

దీని అసలు వాసన కాసియా నూనెది. దాని కోసం వెతకక్కర్లేదు. మన కిరాణా కొట్లో దాల్చిన చెక్క పేరుతో అమ్మే మందపాటి చెక్క చాలావరకు కాసియానే. యేసు దేహానికి పూసింది కాసియా కాబట్టే వేస్తారని ఒక కథ ఉంది. యోహాను సువార్తలో ఉన్నది మాత్రం బోళం, అగరు.

మరి టూటీ ఫ్రూటీ వేయొచ్చా? వేయొచ్చు. కాకపోతే అది పచ్చి బొప్పాయి ముక్కలకు పాకం పట్టి, రంగు వేసింది. పండు రుచి కావాలంటే సన్నగా తరిగిన కిస్‌మిసే మేలు.

100 గ్రాముల వెన్న, 75 గ్రాముల పంచదార పొడి బాగా గిలకొట్టి, ఒక గుడ్డు పచ్చసొన కలపాలి. 200 గ్రాముల మైదా, అర చెంచా దాల్చిన చెక్క పొడి, చిటికెడు ఉప్పు, 50 గ్రాముల కిస్‌మిస్ వేసి ముద్ద చేయాలి. పొడిగా ఉంటే చెంచాడు పాలు. ఇంట్లో తీసిన వెన్న అయితే నీళ్లు పూర్తిగా పిండేయాలి. కోనసీమ కదా అని కొబ్బరి వేస్తారేమో, ఎండు కొబ్బరి కోరు రెండు చెంచాలు చాలు. పచ్చిది వేస్తే బిస్కెట్ రెండు రోజులు కూడా నిలవదు.

ఏప్రిల్ ఎండకు వెన్న కరిగి బిస్కెట్లు అట్టులా పరుచుకుపోతాయి. అందుకే ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే ఒత్తి కోయాలి.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల్లో 15 నిమిషాలు. లేకపోతే మందపాటి గిన్నెలో పొడి ఇసుక గానీ ఉప్పు గానీ పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు సన్నమంట మీద వేడి చేయాలి. తర్వాత బిస్కెట్ల పళ్లెం పెడితే 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. కుక్కర్ వాడితే గాస్కెట్, విజిల్ తప్పనిసరిగా తీసేయాలి. నీళ్లు లేని కుక్కర్‌ను బిగించి మంట మీద పెట్టడం ప్రమాదం. సగం కాలాక తెల్లసొన పూసి పంచదార చల్లితే పైన పెళుసుగా వస్తుంది.

పొయ్యి మీంచి దించినప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారు పడొద్దు. చల్లారాకే గట్టిపడతాయి. శనివారం సాయంత్రం చేసి, పూర్తిగా ఆరాక డబ్బాలో పెడితే ఆదివారం ఉదయానికి కరకరలాడతాయి.