చివరి శత్రువుకు అంత వేగం ఎక్కడిది?

నల్లని తెర. దానిమీద వరుసకు 11 చొప్పున, అయిదు వరుసల్లో బారులు తీరిన 55 వింత జీవులు. కొన్ని పీతల్లా ఉంటాయి, కొన్ని ఆక్టోపస్‌ల్లా ఉంటాయి. ఇవన్నీ అంతరిక్షం నుంచి భూమి మీదికి దండెత్తి వచ్చాయన్నమాట! పక్కకు జరుగుతూ, తెర అంచు తగలగానే ఒక మెట్టు కిందికి దిగుతూ వస్తుంటాయి. తెర అడుగున ఉన్న ఫిరంగి మీది. అవి కిందికి చేరేలోగా అన్నిటినీ పేల్చివేయాలి.

ఇదే ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆట. జపాన్‌లోని టైటో కంపెనీ 1978లో దీన్ని విడుదల చేసింది. రూపొందించినవారు తొమొహిరో నిషికాడో. నాణెం వేస్తే పనిచేసే పెద్ద పెట్టెలాంటి యంత్రంలో ఈ ఆట ఉండేది.

ఆడినవారందరూ గమనించిన విషయం ఒకటుంది. మొదట్లో శత్రువులది నత్తనడక. సగం చచ్చేసరికి నడక చురుకవుతుంది. చిట్టచివరి శత్రువు మాత్రం తెర ఈ చివరినుంచి ఆ చివరికి పరుగులు తీస్తుంది. దానికి అంత వేగం ఎక్కడినుంచి వచ్చింది?

ఒక మాస్టారు 55 మంది పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నారనుకోండి. నిమిషానికి ఒక పుస్తకం చొప్పున దిద్దితే మీ వంతు మళ్ళీ రావడానికి 55 నిమిషాలు పడుతుంది. తరగతిలో అయిదుగురే ఉంటే అయిదు నిమిషాలకే వస్తుంది. మాస్టారి వేగం మారలేదు, పిల్లల సంఖ్య తగ్గింది. అంతే!

ఈ యంత్రంలోని మాస్టారు ఇంటెల్ 8080 అనే ప్రాసెసర్. అది సెకనుకు 20 లక్షల స్పందనలతో పనిచేస్తుంది. ఆ రోజుల్లో అది గొప్ప వేగమే అయినా, తెరమీద ఉన్న 57,344 చుక్కలను చూసుకోవడానికి చాలదు. అందుకని సెకనులో అరవయ్యో వంతుకు ఒక్క శత్రువును మాత్రమే కదుపుతుంది. 55 శత్రువులూ తలా ఒక అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను కావాలి. 30 మిగిలితే అర సెకను చాలు. ఒక్కటే మిగిలితే? సెకనుకు 60 అడుగులు!

ప్రాసెసర్ శక్తి చాలకపోవడంవల్ల వచ్చిన లోపం ఇది. కాని నిషికాడో దీన్ని సరిదిద్దలేదు. గెలుపు దగ్గరపడేకొద్దీ కష్టం పెరగడం ఆటకు మంచి ఉత్కంఠ తెచ్చిందని గ్రహించి, అలాగే ఉంచేశారు. వెనక వినిపించే నాలుగు స్వరాల దరువు కూడా శత్రువులు తగ్గేకొద్దీ వేగం పుంజుకుంటుంది, గుండె చప్పుడులాగా!

అమెరికాలో మిడ్‌వే కంపెనీ తయారుచేసిన నిలువు పెట్టెలో మరో చమత్కారం ఉంది. అందులోని చిత్రనాళం ఆటగాడికి ఎదురుగా ఉండదు, పెట్టె అడుగుభాగంలో ఉంటుంది. దాని బొమ్మ ఏటవాలుగా అమర్చిన సగం పారదర్శకమైన అద్దంమీద పడి కంటికి చేరుతుంది. అద్దం వెనక చంద్రుడి నేలను చిత్రించిన అట్ట, దానికి వెలుగునిచ్చే దీపం ఉంటాయి. దాంతో శత్రువులు చంద్రుడి ముందు గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తాయి. రాత్రివేళ బస్సు కిటికీ అద్దంలో మీ ముఖమూ, బయటి వీధి దీపాలూ ఒకేసారి కనబడతాయి కదా, అదే సూత్రం! అద్దంలో బొమ్మ ఎడమ కుడిగా మారుతుంది కనుక, చిత్రనాళం మీద దాన్ని ముందే తారుమారుగా వేస్తారు.

ఇప్పుడీ యంత్రాలను వెతికి సేకరించేవారు అనేక దేశాల్లో ఉన్నారు. కొనడం కన్నా బతికించడమే వారికి పెద్ద పని. చెక్కపొడితో చేసిన పలకలు తడికి ఉబ్బిపోతాయి. కెపాసిటర్లలోని ద్రవం ఎండిపోతుంది. ప్రోగ్రాం ఉన్న చిప్‌లు పాడవుతాయి. వెనక బొజ్జ ఉన్న పాత టీవీల్లోని చిత్రనాళాలవంటివి దుకాణాల్లో కొత్తవి దొరకవు. అందుచేత పనికిరాని ఒక యంత్రం భాగాలతో మరొక యంత్రానికి ప్రాణం పోస్తారు.

“ఆటను కంప్యూటర్లోనే ఆడుకోవచ్చు కదా, ఈ శ్రమ దేనికి?” అని మీరడగవచ్చు. నిజమే, ప్రోగ్రాం మొత్తం 8,192 బైట్లే. దాన్ని క్షణంలో నకలు తీయవచ్చు, చివరి శత్రువు పరుగుతో సహా! కాని ఆ అద్దం, దాని వెనక చంద్రుడు, చిత్రనాళం వెలుగు నకలులోకి రావు. అవి పెట్టెతోపాటే ఉంటాయి, పెట్టెతోపాటే పోతాయి.

ఒక హెచ్చరిక: పాత టీవీని గాని, ఇలాంటి యంత్రాన్ని గాని మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా చిత్రనాళంలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆ పని నేర్చినవారిదే.

మీరు చేయగల పని మరొకటుంది. ఎక్కడైనా ఏదైనా యంత్రం వింతగా ప్రవర్తిస్తే “పాడైపోయింది” అని వదిలేయకండి. ఎందుకలా చేస్తోందో ఆలోచించండి. 1978లో నిషికాడో చేసింది అదే!