రేపటి గాలి, రేపటి వాన: మారిషస్ దీవిలో వాతావరణ సూచనను చదువు విధము

హిందూ మహాసముద్రమున, మడగాస్కరు దీవికి తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున, మారిషస్ అను చిన్న దీవి కలదు. దాని విస్తీర్ణము 1,865 చదరపు కిలోమీటర్లు. అనగా మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో ఐదవ వంతునకు మించదు. 19వ శతాబ్దమున మన కోరంగి మొదలగు రేవులనుండి తెలుగువారు చెఱకు తోటలలో కూలిపనికై ఓడలెక్కి యచ్చటికి పోయిరి. ఆ రేవు పేరునుబట్టియే దీవివారు తెలుగువారిని కోరంగివారని పిలిచెడివారు. 1789లోను, తిరిగి 1839లోను గాలివానకును ఉప్పెనకును పాడుపడిన రేవు కోరంగి. అట్టి తీరమును విడిచిపోయినవారు చేరినది మఱియొక గాలివానల సీమయే. వారి సంతతివారు నేటికిని అచ్చట ఉగాది పండుగ చేసికొనుచున్నారు. ఆ దినము ప్రభుత్వపు సెలవు.

ఆ దీవిలో వాకువా అను పట్టణమునందు వాతావరణ శాఖవారి కార్యాలయము కలదు. రాబోవు 24 గంటలలో ఆకాశమెట్లుండును, వాన యేవైపున పడును, గాలి యేదిక్కునుండి యెంత వేగముతో వీచును, సముద్రమెట్లుండును అను సంగతులను ఆ కార్యాలయము ప్రతిదినమును ప్రకటించును. ప్రకటన నాలుగైదు వాక్యములకు మించదు. అయినను దానిని చదువుట తెలిసినవానికి అందులో ఒక దినపు పని యంతయు నున్నది.

మొదట గమనింపవలసినది స్థలమును దెలుపు మాట. ఈ దీవి నడుమ ఎత్తైన మెట్టభూమి యున్నది. సంవత్సరములో హెచ్చు దినములు గాలి ఆగ్నేయ దిక్కునుండి వీచును. సముద్రముమీదుగా తేమను మోసికొని వచ్చిన ఆ గాలి మెట్ట నెక్కునప్పుడు చల్లబడి వానగా కురియును. మెట్టను దాటి పడమటి తీరమునకు దిగునప్పటికి పొడిగాలి యగును. అందుచేత మెట్టమీద మిక్కిలి వానగల చోట్ల సాలునకు సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన పడుచుండగా, పడమటి తీరమున 900 మిల్లీమీటర్లు పడుటయే గొప్ప. రెండు చోట్లకును నడుమ దూరము బండిమీద ఒక పూట ప్రయాణము! కావున, తూర్పు వైపునను మెట్టమీదను జల్లులు పడునని సూచన వచ్చినచో, మెట్టరైతు ఎరువు చల్లుట నాపుకొనును. పడమటి రైతు ఆ వాన తనకు కాదని యెఱిగి తోటకు నీరు పెట్టుకొనును. వాక్యము ఒక్కటే, పనులు రెండు. దీవి యంతటికిని వానయని వినుటయే గాని యేవైపునో వినని రైతు ఈ రెండు చోట్లను నష్టపోవును.

సముద్రమునుగూర్చిన మాటయు నట్టిదే. దీవిచుట్టును ఇంచుమించు అంతటను పగడపు గట్టు కలదు. గట్టునకు లోపల నీరు చెఱువువలె నుండును, వెలుపల మహాసముద్రము. సూచనలో చెప్పబడు అలల యెత్తు సాధారణముగా గట్టు వెలుపలి సంగతి. మే మొదలు అక్టోబరు వఱకు అచ్చట చలికాలము. ఆ నెలలలో దక్షిణమున బహుదూరమందు లేచిన గాలివానల అలలు, ఆ గాలి దీవికి చేరకున్నను, తాము మాత్రము వచ్చి చేరును. ఆకాశము నిర్మలముగా నుండును, గాలి చల్లగా నుండును, కాని గట్టు వద్ద అలలు పడవలను తలక్రిందులు చేయును. ఆకాశమునుజూచి బయలుదేరు జాలరికి ఇంతకన్న మోసకరమగు దినము లేదు. అట్టి దినమున సముద్రములోనికి పోరాదని వచ్చిన సూచనను, ఎండ కాయుచున్నదిగదా యని త్రోసివేయుట ప్రాణములతో చెలగాటమే.

ఇక తుపానుల సంగతి. నవంబరునుండి ఏప్రిలు వఱకు వేసవి. చెఱకు ఏపుగా పెరుగు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే తుపానులకును ముఖ్యకాలమగుట ఆ రైతుల దురదృష్టము. కోత జూనునగాని మొదలు కాదు గనుక, గాలి వచ్చుసరికి పైరు తోటలోనే యుండును. అయినను ఇతర పైరులు నిలువజాలని గాలికి చెఱకు వంగి, ఆకు చిరిగి, తిరిగి కొంత లేచును. ఆ దీవిలో అదియే ముఖ్యమైన పైరగుటకు ఇదియు నొక కారణము.

తుపాను హెచ్చరికను అచ్చట నాలుగు తరగతులుగా ప్రకటింతురు. పలు దశాబ్దములు నడచిన పద్ధతిలో మనము నేర్వదగిన సంగతి యొకటి కలదు. గంటకు 120 కిలోమీటర్ల వేగముగల విసురుగాలి వచ్చుటకు ముందు, సాధ్యమైనంతవఱకు 12 గంటల పగటివెలుగు మిగులునట్లు రెండవ తరగతిని, కనీసము 6 గంటల పగటివెలుగు మిగులునట్లు మూడవ తరగతిని ప్రకటించుట నియమము. గంటలనుగాక పగటి గంటలను లెక్కించుటలోని వివేకమును చూడుడు. కప్పునకు త్రాళ్లు బిగించుట, పశువులను మెఱకకు తోలుట, మురుగుకాలువలు తెరచుట, పడవలను ఒడ్డునకు లాగుట—ఇవి చీకటిలో జరుగు పనులు కావు. రాత్రి పదిగంటలకు అందిన హెచ్చరిక మఱునాటి యుదయమువఱకు వట్టి కాగితమే. నాలుగవ తరగతి, ఆ గాలి వచ్చినదని చెప్పుటకే. అప్పుడు ఇల్లు కదలరాదు.

అచ్చటి గాలి తిరుగు తీరు మనకు వ్యతిరేకము. బంగాళాఖాతమున తుపాను గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. భూమధ్యరేఖకు దక్షిణమున నున్న మారిషస్ సముద్రములో ముల్లు తిరుగు వైపుననే తిరుగును. గాలికి వీపు త్రిప్పి నిలిచినచో, తుపాను కేంద్రము మనకు ఇంచుమించు ఎడమచేతి వైపున, వారికి కుడిచేతి వైపున ఉండును. ఈ సుడితనము లోకమునకు రూఢియగుటలో ఆ దీవి ఓడ యొకటి సాక్ష్యమిచ్చినది. 1845 ఫిబ్రవరిలో చార్లెస్ హెడిల్ అను ఓడ మారిషస్ విడిచి తుపానులో చిక్కి, గాలి తోసిన వైపునకే పోవుచు, ఐదు దినములు కేంద్రముచుట్టు మరలమరల తిరిగినది. కలకత్తాలోని హెన్రీ పిడింగ్టను ఆ ఓడ దినచర్యను పరిశీలించెను. పాము చుట్టను దెలుపు గ్రీకు మాటనుండి సైక్లోను అను పేరును కల్పించినవాడు నతడే.

తుపాను సుడి యని తెలిసియు ప్రజలు దానిని మఱచిన దినము 1892 ఏప్రిలు 29. ఏప్రిలు నడుమ దాటినచో ఇక భయములేదని దీవివారి నమ్మకము. అంతకు ముందటి అనుభవమట్లే యుండెను. ఆ దినమున తుపాను కేంద్రము పోర్టులూయీ పట్టణముమీదుగా పోయెను. గాలి నిలిచెను. జనులు బయటికి వచ్చిరి. అంతట గాలి ఎదురుదిక్కునుండి మునుపటికంటె ఉద్ధృతముగా తిరుగబడెను. సుమారు 1,200 మంది మృతులైరి; పట్టణములో మూడవ వంతు నేలమట్టమాయెను. గాలి ఒక్కసారిగా నిలిచినప్పుడు, హెచ్చరిక తొలగింపబడెనా యని వినవలెనేగాని, తలుపు తీయరాదు.

1960 ఫిబ్రవరి చివర వచ్చిన కేరొల్ తుపానులో విసురుగాలి గంటకు 256 కిలోమీటర్లు కొట్టెను. ఆ యేట జనవరిలోనే మఱియొక తుపాను వచ్చిపోయియుండెను. 1959లో 5,80,000 టన్నులుండిన పంచదార ఉత్పత్తి 1960లో సుమారు 2,36,000 టన్నులకు దిగజారెను. ఎంత ముందుగా చెప్పినను సూచన పైరును ఎత్తి లోపల పెట్టజాలదు గదా! ప్రాణములకు సూచన, ఇంటికి గట్టి గోడ, పైరునకు భీమా, మూడును వేర్వేరు. ఆ దీవి రైతుల చెఱకునకు తుపాను, అనావృష్టి భీమా 1946 నుండియే కలదు. వారి సహకార పరపతి సంఘములు 1913 నాటివి. మన సంఘములలో భీమా ప్రీమియము మాట వచ్చినప్పుడు మొగము చిట్లించువారు ఈ రెండు సంవత్సరముల లెక్కలను ఒకపరి ప్రక్కప్రక్కన వ్రాసికొందురుగాక.

సూచనకు అందని సంగతులును కలవు. 2013 మార్చి 30వ తేదీన పోర్టులూయీలో తుపాను లేకయే, కొద్ది కాలములో 150 మిల్లీమీటర్లకు మించిన వాన పడి, వరదలో 11 మంది చనిపోయిరి. ఉఱుములతో భారీవాన పడునని ముందునాడు చెప్పవచ్చును. ఏ వీధిలో ఏ గంటకు పడునో చెప్పుట నేటికిని కష్టమే. అట్టి దినమున పల్లమున నున్నవారు ప్రకటన వచ్చువఱకు వేచియుండక, కాలువ నీరు రంగు మారగానే మెఱకకు పోవలెను. 2024 జనవరి 15వ తేదీన బెలాల్ తుపాను సమయమునను ఆ పట్టణపు వీధులలో కారులు నీటిలో తేలిపోయినవి.

హెచ్చరిక తొలగిన పిమ్మట తోటకు పోవువారు మొదట మురుగు తీయుదురు. వేరు కుళ్లకున్నచో పడిన చెఱకు చాలవఱకు మరల తల యెత్తును. పడవవారు మాత్రము మఱికొన్నాళ్లు ఆగుదురు. గాలి పోయినను గట్టు వెలుపల అలలు ఒకటి రెండు దినములు దిగవు.