మంచం పక్కన బ్యాటరీ వద్దు

తిరువూరు: ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీని రాత్రిపూట పడకగదిలో ఛార్జింగుకు పెట్టేవారు 2022 ఏప్రిల్ నాటి విజయవాడ దుర్ఘటనను మరువరాదు. సూర్యారావుపేటలో కొత్తగా కొన్న స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఒకరు మరణించారు. భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే వారంలో నిజామాబాద్‌లోనూ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు కన్నుమూశాడు.

ఆ నెలలోనే ప్యూర్ ఈవీ 2,000, ఒకినావా 3,215, ఓలా 1,441 స్కూటర్లను తనిఖీకి వెనక్కి పిలిచాయి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు నుంచి బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది.

బ్యాటరీలో ఒక్క సెల్లు అతిగా వేడెక్కినా పక్క సెల్లులకు నిప్పు పాకుతుంది. కనుక కంపెనీ ఛార్జరునే వాడాలి. ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనివ్వాలి. పాత బండి కొనేవారు ఛాసిస్ నంబరు చూపి, అది వెనక్కి పిలిచిన వాటిలోనిదేమో డీలరును అడగాలి. బ్యాటరీ ఉబ్బితే ఇంట్లో ఉంచరాదు.