బెజ్జం లేని సూది

కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో మొదటి రాత్రి ముందు గుర్తొచ్చేది కర్టెన్లే. సామానంతా ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంటుంది. లైటు వేయగానే ఎదురింటి బాల్కనీ వచ్చి మన హాల్లో కూర్చుంటుంది. ఒకసారి ఇల్లు మారినప్పుడు మా అమ్మ టైలరు కోసం చూడలేదు. పాత నేతచీర ఒకటి తీసి, సగానికి మడిచి, ఆ మడతలో కర్టెన్ రాడ్డు దూర్చి, రాడ్డుకు వేలెడు కిందుగా రెండు పొరలూ కలిపి అరడుగుకొకటి చొప్పున పిన్నీసులు పెట్టేసింది. పిన్నీసుల కోసం పెట్టెలు వెతకలేదు. మెళ్లో గొలుసుకు ఉన్నవే తీసింది. మొత్తం ఎనిమిది.

ఆ పిన్నీసును తయారుచేసిన మనిషి అంతకు పదిహేనేళ్ల ముందే కుట్టుమిషను కూడా తయారుచేశాడు. కుట్టుపనిని యంత్రానికి అప్పజెప్పిన చేతులే, కుట్టు అక్కర్లేకుండా గుడ్డను పట్టి ఉంచే తీగముక్కనూ వంచాయి. అతని పేరు వాల్టర్ హంట్. 1796లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, మార్టిన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అవిసెనార వడికే యంత్రానికి 1826లో పేటెంటు తీసుకుని, పెట్టుబడి వెతుక్కుంటూ న్యూయార్క్ నగరం చేరాడు. అక్కడ ఓ పిల్ల గుర్రబ్బండి కింద పడటం కళ్లారా చూశాడని, అందుకే బండివాడు పగ్గాలు వదలకుండా కాలితో మోగించే గంట చేశాడని అంటారు. తర్వాత కత్తులకు పదును పెట్టే సాధనం, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి, మాటిమాటికీ నింపే పని తగ్గించిన తుపాకీ, కాగితం కాలర్లు చేశాడు. సర్కస్ వాళ్లు పైకప్పు మీద తలకిందులుగా నడవడానికి వేసుకునే బూట్లు కూడా అతని పనే. ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. డబ్బుకు మాత్రం తరచూ కటకటే.

కుట్టుమిషను కథ కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. పిన్నీసు అర్థమయ్యేది అక్కడే. చేతిసూదికి మొన ఒక కొసన, బెజ్జం రెండో కొసన ఉంటాయి. అందుకే సూది మొత్తం గుడ్డలోంచి అటు వెళ్లి మళ్లీ ఇటు రావాలి. ఈ పని యంత్రం చేత చేయించాలంటే, గుడ్డకు అవతల ఇంకో చెయ్యి ఉండాలి. హంట్ 1834 ప్రాంతంలో చేసిన యంత్రంలో బెజ్జం మొన దగ్గరికి వచ్చింది. ఇక సూది పూర్తిగా దాటనక్కర్లేదు. కొస మాత్రం గుడ్డలో దిగి, దారాన్ని కిందికి తీసుకెళ్లి, వెనక్కి లేచేటప్పుడు చిన్న ఉచ్చు వదులుతుంది. మగ్గంలో నాడె పోయినట్టు ఆ ఉచ్చులోంచి రెండో దారం దూసుకుపోతుంది. రెండు దారాలూ గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇవాళ మన వీధి చివర టైలరు మిషనులో బాబిను చేసే పని ఇదే. హంట్ యంత్రం తిన్నగా తప్ప కుట్టలేదు, అదీ కొద్ది అంగుళాలే. అయినా కిటుకు దొరికింది.

దానికి అతను పేటెంటు తీసుకోలేదు. 1838లో కూతురు కెరొలిన్‌ను ఆ యంత్రంతో స్త్రీల లోదుస్తులు కుట్టే వ్యాపారం పెట్టమన్నాడట. ఆ అమ్మాయి కుట్టుపని చేసుకుని బతికే ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్ల నోటి దగ్గర కూడు తీసినట్టవుతుందని వద్దంది. తండ్రి ఊరుకున్నాడు. అందులో దయ ఎంతో, ఒక పని ముగియకముందే ఇంకో పని మీదికి మనసు పోయే స్వభావం ఎంతో తేల్చడం కష్టం. రెండూ ఉన్నాయనే నేననుకుంటాను. 1846లో ఎలియాస్ హౌ అనే ఇంకొకడు అదే కిటుకుతో పేటెంటు పుచ్చుకున్నాడు. హంట్ మేలుకుని దరఖాస్తు పెట్టేసరికి ఆలస్యమైంది. 1854లో వచ్చిన తీర్పు విచిత్రమైనది. ముందు చేసింది హంటే, కానీ ఇన్నేళ్లు వదిలేశాడు కనుక హక్కు మాత్రం హౌదే అన్నారు.

ఇంతలో 1849 వచ్చింది. తన పేటెంట్లకు బొమ్మలు గీసిపెట్టే చిత్రకారుడికి హంట్ 15 డాలర్లు బాకీ పడ్డాడు. ఒక పాత తీగముక్కతో పనికొచ్చేదేదైనా చేసివ్వు, దాని హక్కుకు 400 డాలర్లు ఇస్తాను, బాకీ అందులోనే తీరిపోతుందని బేరం కుదిరిందట. మూడు గంటలు తీగను అటూ ఇటూ వంచాక పిన్నీసు తయారైందని కథ. గంటల లెక్క నిజమో కాదో గానీ, కాగితం మీద ఉన్నది మాత్రం గట్టిదే. ఆ ఏడాది ఏప్రిల్ 10న ఇచ్చిన పేటెంటు, సంఖ్య 6,281. పేరు ‘దుస్తుల పిన్ను’. హక్కులు పొందినవాళ్లుగా అందులో ఉన్న పేర్లు విలియం, జాన్ రిచర్డ్‌సన్‌లవి. ఆ తర్వాత అమ్ముడైన కోట్లాది పిన్నీసుల్లో ఒక్కదాని మీద కూడా హంట్‌కు దమ్మిడీ రాలేదు.

ఒక సంగతి దాచకూడదు. తీగను చుట్టి, మొనను రెండో కొసన కొక్కెంలో ఇరికించే ఊహ హంట్‌తో మొదలు కాలేదు. గ్రీసులో, ఉత్తర ఇటలీలో మూడు వేల ఏళ్ల కిందటి సమాధుల్లోనే కంచు పిన్నులు దొరికాయి. వాటికీ స్ప్రింగులాంటి చుట్టు ఉంది. భుజం మీద కుట్టని బట్టను నిలబెట్టడానికి వాడేవారు, మన ఇళ్లలో పైటకు పెట్టుకున్నట్టే. హంట్ చేసిందల్లా స్ప్రింగునూ, మొన మీది కాపునూ ఒకే తీగలో తీసి, చవగ్గా వేలకు వేలు చేయగలిగేలా మలచడం. అతుకు లేదు, ఇరుసు లేదు. అరిగిపోయే కీలూ లేదు.

ఆ చుట్టు ఎందుకో చూడాలంటే పిన్నీసు చేతిలోకి తీసుకోండి. తీగను ఊరికే వెనక్కి మడిచారనుకుందాం. 4 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ వంపులో తీగ పొడవు 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. తెరిచిన ప్రతిసారీ వంగే భారమంతా ఆ ఆరు మిల్లీమీటర్లే మోయాలి. కొన్నిసార్లకే తీగ అలసిపోయి, తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. అదే వెడల్పుతో ఒకటిన్నర చుట్టు చుడితే లోపలికి దాదాపు 19 మిల్లీమీటర్ల తీగ చేరుతుంది. అదే వంపు మూడింతల పొడవుకు పంచుకున్నట్టు. ప్రతి మిల్లీమీటరూ తన హద్దు దాటకుండా కొద్దిగా వంగి, మళ్లీ నిటారవుతుంది. బడి పుస్తకాల్లో దీన్ని స్థితిస్థాపకత అంటారు. తన మొనను తానే కొక్కెంలోకి నెట్టుకుంటూ ఉండటం, వదలకుండా ఉండటం ఈ చుట్టు చలవే.

ఇప్పుడు కర్టెన్ దగ్గరికి వద్దాం. అమ్మ చేసినట్టు చీరను రాడ్డు మీద సగానికి మడిచి వేస్తే, అటు బరువూ ఇటు బరువూ తూగుతాయి. మోసేది రాడ్డే. పిన్నీసు పని చీర ఒక పక్కకు జారిపోకుండా చూడటమే. ఒంటిపొర గుడ్డను రింగులకు పిన్నీసులతో తగిలిస్తే మాత్రం లెక్క మారుతుంది. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అంటే 2.6 చదరపు మీటర్లు. మామూలు నూలుగుడ్డ చదరపు మీటరుకు 150 గ్రాములుంటే, మొత్తం 400 గ్రాముల లోపే. ఎనిమిది పిన్నీసులు పంచుకుంటే ఒక్కోదాని మీద యాభై గ్రాములు, ఒక కోడిగుడ్డు బరువు. ఇంత తేలికైతే గుడ్డలెందుకు చినుగుతాయి? గుచ్చే తీరులో. పైఅంచు రెండంగుళాలు మడవకుండా ఒంటిపొరలో పెడితే చినుగుతుంది. పిన్నీసును నిలువుగా పెట్టినా అంతే. బరువంతా ఒకటి రెండు పోగుల మీదే పడి, బెజ్జం జారుతూ పోతుంది. అంచుకు సమాంతరంగా, అడ్డంగా, రెండు పొరల్లోంచి పెడితే పిన్నీసు పొడవునా ఉన్న నిలువు పోగులన్నీ తలా కాస్త భారం తీసుకుంటాయి. కుచ్చిళ్లు కావాలంటే వెనకవైపు నాలుగేసి అంగుళాలు మడిచి, మడత మొదట్లో గుచ్చాలి. ముందువైపు పిన్నీసు కనిపించదు. చీరను నిలువుగా వాడితే ఇంకో లాభం ఉంది. రెండు పక్కలా నేసిన అంచులే వస్తాయి కనుక పోగులు ఊడవు. కుట్టు వేయకపోతే ఏదో తక్కువైందని ఎవరైనా అంటే, చీర కట్టుకున్న వాళ్లనడగమనండి.

పిన్నీసుకు పోటీలు చాలా వచ్చాయి. పళ్లున్న క్లిప్పుల రింగులు, లోహపు కన్నాలు, ఇస్త్రీపెట్టె వేడికి కరిగి అంటుకునే టేపులు. టేపు శుభ్రంగా ఉంటుంది గానీ ఒకసారి అంటుకుంటే మనసు మార్చుకోలేం. పాత చీరకు అది శిక్ష. పిన్నీసుకు ఉన్న ఒకే శత్రువు తుప్పు. ఇనుప తీగ మీది నికెల్ పూత గీసుకుపోయిన చోట, వానాకాలం తేమ తగిలితే చాలు.

1858లో కుట్టుమిషన్ల వ్యాపారి ఐజాక్ సింగర్, పాత కుట్టుమిషను ఊహకు గాను హంట్‌కు 50,000 డాలర్లు ఇస్తానని ఒప్పుకున్నాడు. డబ్బు చేతికందేలోపే, 1859 జూన్‌లో, హంట్ చనిపోయాడు. బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానంలో సమాధి ఉంది.

మేం ఆ ఇల్లు ఖాళీ చేసింది రెండేళ్ల తర్వాత, శ్రావణంలో. అమ్మ స్టూలెక్కి చీర దించి, పిన్నీసులు ఒక్కొక్కటే విప్పి గొలుసుకు తగిలించుకుంది. ఏడు. ఎనిమిదోది కొక్కెం దగ్గర బిగుసుకుపోయి రాలేదు. చీర మీద దాని చుట్టూ రూపాయంత ఎర్రటి మరక. నిమ్మకాయ, ఉప్పు రుద్ది చూస్తానంటూ, పిన్నీసుతో సహా మడిచి పెట్టెలో పెట్టింది.