వికల్పము, నియమము: ఉప్పల్-నాచారము ప్రాంతపు పేర్ల వ్రాత

హైదరాబాదు నగరమునకు తూర్పున, తార్నాకనుండి హబ్సిగూడమీదుగా ఉప్పల్ వరకు బోవు మార్గమున గొప్ప శాస్త్రపరిశోధనాలయములు గలవు. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థయు, కణశాస్త్ర అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రమును హబ్సిగూడయందే యున్నను, వాని చిరునామాలలో 'ఉప్పల్ రోడ్డు' అను మాట కానవచ్చును. ఆ మార్గపు కొసను ఉప్పల్ నందు సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణసంస్థ యున్నది. హబ్సిగూడ కూడలినుండి యెడమకు మరలినచో నాచారపు పారిశ్రామికవాడ. పట్టున రెండుమూడు క్రోసుల మేరలోని యీ యూళ్ల పేర్లను వ్రాయుటయందు ఎన్ని భేదము లుండదగునో పరిశీలించినచో, నేడు పత్రికాలయములలోను ముద్రణాలయములలోను 'స్టైల్ బుక్కు' అని పిలువబడు లేఖననియమావళి యొక్క ప్రయోజనము తేటపడును.

మొదట ఉప్పల్ అను పేరునే చూడుడు. తెలుగుమాటలు సాధారణముగా అజంతములు. పరభాషలనుండి వచ్చిన హలంతములకు సయితము తెలుగు తుద నుకారమును జేర్చుకొని రోడ్డు, బస్సు, స్టేషను అని పలుకును. ఆ మర్యాదను బట్టి 'ఉప్పలు' కావలెను. కర్నూలు, ఒంగోలు అట్లే నిలిచినవి. ఉప్పల్ చెంతనున్న నాగోలు మాత్రము 'నాగోల్' అనియు వ్రాయబడుచున్నది. వరంగల్ హలంతముగా స్థిరపడినది. దాని దేశిరూపమగు ఓరుగల్లు అజంతము. ఇక 'ఉప్పలు' అని వ్రాసినచో వేరొక చిక్కు గలదు. తుదనున్న లువర్ణము బహువచనముగా దోచి, 'ఉప్పలలో' అనవలెనా 'ఉప్పలులో' అనవలెనా యని చదువరి తడబడును. పోనిండని 'ఉప్పల్' అను రూపమును గైకొన్నవానికి విభక్తిని జేర్చుటలో ఉప్పల్ లో, ఉప్పల్‌లో, ఉప్పల్లో అని మూడు వ్రాతలు సిద్ధముగా నుండును.

నాచారము మాటయు నిట్టిదే. మువర్ణాంతములకు బిందుపూర్వకమైన బువర్ణరూపమును వ్యాకరణసమ్మతమే కావున నాచారము, నాచారంబు, వ్యవహారమున నాచారం. చతుర్థీషష్ఠులకు నాచారమునకు, నాచారానికి. ఒకే కరపత్రమున తలకట్టునం దొకటియు, నడుమ నొకటియు, అడుగున చిరునామాలో వేరొకటియు ఉన్నచో చదువువానికి అర్థబోధ చెడదు గాని, వ్రాసినవానియందు నమ్మకము సడలును.

వీనిలో తప్పేది యని పండితుడు మొదట నడుగును. ఆ ప్రశ్నయే యిచ్చట పనికిరాదు. వీనిలో పెక్కులు తప్పులు కావు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఉత్వసంధిని నిత్యముగను, ఏమ్యాదుల యిత్వసంధిని వైకల్పికముగను, అత్వసంధిని బహుళముగను విధించెను. 'ఏమంటివి' యన్నను 'ఏమియంటివి' యన్నను సాధువే. 'మేనల్లుడు', 'మేనయల్లుడు' రెండును లక్షణసమ్మతములే. పాణినీయమునను వికల్పమును దెలుపుటకు వా, విభాషా, అన్యతరస్యామ్ అను మూడు మాటలు గలవు. సంప్రదాయమువారు మూటికిని అర్థమొక్కటే యందురు. 1979లో పాల్ కిపార్స్కీ యను భాషాశాస్త్రజ్ఞుడు ఆ మూడును వేర్వేరు తారతమ్యములను దెలుపుననియు, వా యనుచో రూపము వాంఛనీయము, విభాషా యనుచో అంత వాంఛనీయము కాదు, అన్యతరస్యామ్ అనుచో రెండును సమానములే యనియు వాదించెను. ఆ వాదమెట్లున్నను వ్యాకరణమువలన దేలునది యొక్కటే: సాధువులగు రూపములు పెక్కు లున్నచో శాస్త్రము వానినన్నింటిని అనుమతించి యూరకుండును. ఒక్క గ్రంథమున, ఒక్క పత్రికలో, ఒక్క కార్యాలయమున వానిలో దేనిని వాడవలెనో చెప్పుట వ్యాకరణము పని కాదు.

ఆ పనికి సరియైన పేరు మీమాంసకుల కడ నున్నది. విధులలో వారు నియమవిధి యని యొకదానిని జెప్పుదురు. వడ్లపై పొట్టును రోకటితో దంచియు దీయవచ్చును, గోళ్లతో నొలిచియు దీయవచ్చును. రెంటివలనను బియ్యమే వచ్చును. అట్లు రెండు తెరువులు ప్రాప్తించియుండగా దంచియే తీయవలెనని శ్రుతి విధించుట నియమవిధి. గోళ్లతో నొలిచిన బియ్యము బియ్యము కాదని దాని భావము కాదు. ఆ యాగమున కది పనికిరాదనియే. పతంజలియు మహాభాష్యము మొదట నిట్లే పలికెను: గోశబ్దమునకు గావీ, గోణీ మున్నగు అపభ్రంశములవలనను ఆవు అను నర్థము తెలియుచునే యుండగా, శాస్త్రము సాధుశబ్దమునందు నియమమును జేయుచున్నదని. లేఖననియమావళి యనునది యింతకు మించి మరేమియు గాదు. 'ఉప్పల్లో' యనునది తప్పని యది చెప్పదు. ఈ పత్రికయందు 'ఉప్పల్‌లో' అనియే వ్రాయవలెనని చెప్పును.

మీమాంసకులకు వికల్పమన్న నంతగా గిట్టదు. దానికి ఎనిమిది దోషములు చెప్పుదురు. ఒకదానిని గైకొనునపుడు రెండవదాని ప్రామాణ్యమును విడుచుట, విడిచినదానినే మరునాడు మరల దెచ్చుకొనుట, గైకొన్నదానిని మరల ద్రోయుట మొదలగునవి ఇరుపక్షములందును గలసి ఎనిమిదగును. అచ్చు చిత్తులను దిద్దువారికి ఈ యెనిమిదియు అనుభవైకవేద్యములు. తప్పనిసరియైన చోట వారు చూపిన మార్గము వ్యవస్థితవికల్పము, అనగా రెండు రూపములను రెండు తావులకు బంచియిచ్చుట. పద్యమున నాచారంబు, గ్రాంథికవచనమున నాచారము, వార్తలో నాచారం అని పంచినచో కలహము తీరును. ఈ వ్యాసమున వాడిన ఉప్పల్, నాచారము అను రూపములును అట్టి పంపకమువలన వచ్చినవే. మొదటిది ప్రభుత్వపు దస్తరములలోని రూపము, రెండవది గ్రాంథికరూపము.

పాశ్చాత్యదేశములలో ఈ యవసరమును మొదట గుర్తించి పుస్తకమునకెక్కించినవారిలో ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయపు ముద్రాలయాధికారి హోరేస్ హార్ట్ ముఖ్యుడు. అక్షరములు గూర్చువారికిని చిత్తులు దిద్దువారికిని 1893లో అతడు అచ్చొత్తించినది ఇరువదినాలుగు పుటల చిన్నపొత్తము. అది బయటివారికి విక్రయింపబడినది 1904లో. చికాగో విశ్వవిద్యాలయ ముద్రాలయమువారి నియమావళి 1906లో వెలువడినది. రెండును పండితులు శాసించినవి గావు, ముద్రాలయమున దినదినము దగిలిన సందేహములనుండి పుట్టినవి. తెలుగున పత్రికాభాషకు ఇట్టి సేవచేసినవారిలో బూదరాజు రాధాకృష్ణ (1932-2006) పేరు చెప్పదగినది. ఆయన పాత్రికేయులకు శిక్షణ యిచ్చుటయే గాక, ఏ మాట నెట్లు వాడవలెనో తెలుపు కోశములను గూర్చెను.

బడిపండితులకు ఈ విషయము వేరొక దారిని దగులును. విద్యార్థి 'మేనయల్లుడు' అని వ్రాయగా పరీక్షకుడు ఎర్రసిరాతో గొట్టివేయుట, మరియొకడు దానినే మెచ్చుట గలదు. ఒకడు వైకల్పికమును నిత్యమనుకొనెను, రెండవవాడు అనుకొనలేదు. నడుమ మార్కులు పోయినది పిల్లవానికి. పరీక్షకులందరకును ఒక నియమావళి యున్నచో, దానిలో మొదట వ్రాయవలసినది ఏ రూపము గ్రాహ్యమో యని కాదు. ఏయే రూపములు కొట్టరానివో ఆ పట్టిక. నియమము వ్రాయువానిని గట్టివేయవచ్చును గాని దిద్దువానికి అంతకంటె బిగువైన కట్టు కావలెను.

పండితుని చేయి జారు తావు మరియొకటి ఉప్పల్ నందే గలదు. రెవెన్యూ దస్తరములలో ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్ అని రెండు పేర్లు కనబడును. ఇవిగాక, 2007లో హైదరాబాదు మహానగరపాలకసంస్థలో గలిసిపోయిన పురపాలకసంఘపు పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అనగా పారసీకమున పెద్దది. ఖాల్సా యనగా జాగీరు గాక నేరుగా సర్కారునకు శిస్తు చెల్లించు భూమి. మూడవదియగు భగాయత్ పదమున రసమున్నది. నిజాము రాజ్యపు భూములు తరీ, ఖుష్కీ, బాగాత్ అని, అనగా మాగాణి, మెట్ట, తోటభూమి అని, మూడు తెరగులు. బాగ్ అనగా తోట. బాగాత్, బాగాయత్ దానినుండి వచ్చినవి. మొదటి హల్లు అల్పప్రాణమగు బకారము. రెండవది పారసీకమున ఘైన్ అను అక్షరము, ఆంగ్లలిపిలో హకారచిహ్నముతో గూడ వ్రాయబడునది. తెలుగున ఆ రెండవ హల్లు కేవలగకారమై, మొదటి హల్లు మహాప్రాణమైనది, దీర్ఘమును బోయినది. హింసాశబ్దమునుండి సింహశబ్దమును సాధించు వర్ణవిపర్యయమే యిచ్చటను జరిగినదని తలచుటకు వీలున్నది.

ఇట్టిదానిని జూచినప్పుడు 'బాగాయత్' అని దిద్దవలెనను కోరిక పండితునికి బుట్టుట సహజము. ఆ దిద్దుబాటును బరిశోధనవ్యాసమున జేయవచ్చును, దస్తావేజున జేయరాదు. ఈ భూములలో హైదరాబాదు మహానగరాభివృద్ధిసంస్థవారు వేసిన స్థలములను 2019లో వేలము వేసిరి. ఆ క్రయములు 'భగాయత్' పేరుతోనే నడచినవి. ఒక కాగితమున భకారము, మరియొక కాగితమున బకారము ఉన్నచో రెండును ఒక్క భూమియే యని నిరూపించుకొనవలసిన భారము కొన్నవానిపై బడును. పాణిని లక్షణముచే సాధింపరాని శిష్టవ్యవహారరూపములను పృషోదరాదులలో జేర్చి యథాతథముగా గ్రాహ్యములనెను. ఊరిపేర్ల విషయమున నియమావళికిని అట్టి గణమొకటి యావశ్యకము. దస్తరమున నున్న రూపము, దానికి మూలము, ఎచ్చట దిద్దరాదో సూచన, ఈ మూడును అందుండవలెను.

ఈ పేర్లను ఆంగ్లలిపిలోనికి మార్చునపుడు చిక్కు ఇబ్బడి యగును. విలియం విల్సన్ హంటర్ 1871లో భారతదేశపు పేర్ల వర్ణక్రమమునకు ఒక మార్గదర్శినిని బ్రకటించెను. 1881లో వెలువడిన ఇంపీరియల్ గెజెటీరునకు ఆ పద్ధతియే యాధారము. సర్వే ఆఫ్ ఇండియావారి పటములకు నేటికిని అదియే దారి. హంటర్ సయితము వాడుకలో నాటుకొన్న పేర్లను కొన్నిటిని పాతవ్రాతతోనే విడిచెను. ఇదియు నొక పృషోదరాదిగణమే. ఆ పద్ధతిలో తకారమునకు 'టి' ఒక్కటియే, థకారమునకు 'టి'తో 'హెచ్'. దక్షిణదేశపు వాడుక వేరు: టకారమునకు 'టి' నుంచుకొని, తకారమునకే 'హెచ్' చేర్తురు. ఉప్పల్ ప్రక్కనున్న రామంతాపూర్ ఆంగ్లమున ఈ రెండవ తెరగున వ్రాయబడుచున్నది. ఉత్తరాదివాడు దానిని జూచి 'రామంథాపూర్' అని చదివినచో వాని తప్పేమియు లేదు. 2025 జనవరి 6న క్రొత్త టెర్మినలుగా ప్రారంభమైన చర్లపల్లి రైలుస్టేషను వ్రాతలో మొదటి అచ్చునకు ఆంగ్లాక్షరమగు 'ఎ' ఉన్నది. ఆ యూరి కారాగారపు పేరున 'ఇ' వాడుకలో నున్నది. తుద నొకచోట 'ఐ', మరియొకచోట 'వై'. ఊరు ఒక్కటే, పట్టికలో మాత్రము రెండు చోట్ల. అకారాదిక్రమమున వెదకువానికి ఒకచోట దొరికినది రెండవచోట దొరకదు.

నాచారమున నున్న ఔషధపరిశోధనశాలలకును కర్మాగారములకును ఊరిపేర్లకంటె క్రియాపదములు ముఖ్యములు. భారతీయ ప్రమాణముల రచనకు ఐ.ఎస్. 12 అను మార్గదర్శిని యున్నది. ప్రమాణరచనలో విధి, సిఫారసు, అనుజ్ఞ అను మూటికి మూడు వేర్వేరు ఆంగ్లసహాయక్రియలు నియతములు. ఒకదాని చోట వేరొకటి రాగూడదు. తెలుగున 'చేయవలెను', 'చేయుట మంచిది', 'చేయవచ్చును' అని వానిని బంచుట సులభమే. చిక్కు వ్యతిరేకమున వచ్చును. 'ఈ యంత్రమును త్రిప్పరాదు' అను పలకను జూచినవాడు త్రిప్పకూడదని గ్రహించును. 'త్రిప్పుట రాదు' అని వ్రాసినచో త్రిప్పు నేర్పు లేదనియు అర్థమగును. 'త్రిప్పవద్దు' అనునది ఎదుటివానితో జెప్పు మాట, గోడపై నియమముగా నిలుచునది కాదు. 'త్రిప్పనక్కరలేదు' అనునది నిషేధమే కాదు. అక్కర యున్నదని తోచినవాడు త్రిప్పును. కర్మాగారమున ఈ నాలుగింటిని పర్యాయములుగా వాడుట పండితుని శైలీవైవిధ్యము కాదు, పనివాని చేతికి అపాయము. కావ్యమున పునరుక్తి దోషము. ఆ గోడలపై అదియే గుణము. అందుచే అట్టి నియమావళిలో నిషేధమునకు ఒక్క 'రాదు' రూపమునే యుంచి, తక్కినవానిని బేర్కొని పరిహరించుట యుక్తము.

నియమావళి వ్రాయువారు ప్రతినియమమునకు ఎదుట దాని హేతువును, చేర్చిన తేదీని గుర్తించుట మేలు. హేతువు లేని నియమమును తరువాతివారు మార్చుటకును జంకుదురు, పాటించుటకును జంకుదురు. నిర్ణయము కానివానికి వేరొక పుట కావలెను. ఈ ప్రాంతమునందే బోడుప్పల్ అను పేరున్నది. అది బోడ, ఉప్పల్ అని విడివడినచో అత్వసంధి, బహుళము; బోడు, ఉప్పల్ అని విడివడినచో ఉత్వసంధి, నిత్యము. నిర్వచనము తేలువరకు ఆ పేరు సంధిని విడదీయక ఒక్క పదముగనే, దస్తరమున నున్నట్లే, ఆ పుటలో నుండదగును.