డీజిల్ ఇంజను – ఇంధనపు లీకు

జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమందు పరీక్షలకు నిలిచింది. గాలిని సిలిండరులో గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవడం దాని మూలసూత్రం. పొలాలలో నీరు తోడే ఆయిలింజనుకైనా, విద్యుత్తు పోయినప్పుడు పనిచేసే జనరేటరుకైనా నేటికీ ఆధారం అదే. ఇంధనం సరియైన క్షణంలో, సరియైన కొలతలో సిలిండరును చేరాలి. మార్గమధ్యంలో లీకు ఏర్పడితే ఈ క్రమం తప్పుతుంది.

సెకనుకొక చుక్క చొప్పున కారినా రోజుకు లీటరుకు పైగా డీజిల్ మట్టిపాలవుతుంది. అయితే చుక్క రాలిన చోటే లీకు ఉన్నదని భావించరాదు. డీజిల్ పెట్రోలువలె త్వరగా ఆవిరి కాదు. గొట్టాల వెంబడి, బోల్టుల అంచుల వెంబడి పాకిపోయి ఎక్కడో దిగువన చుక్కగా మారుతుంది. కనుక ముందుగా ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, జిడ్డూ దుమ్మూ పోయేటట్లు తుడవాలి. తడి ఆరిన తరువాత అనుమానం ఉన్న జాయింట్లపై సుద్దపొడి చల్లి కొంతసేపు నడపాలి. పొడి మొట్టమొదట ఎక్కడ తడిసి నల్లబడుతుందో అదే మూలస్థానం. వెదకడం ఎప్పుడూ పైనుండి క్రిందికే సాగాలి.

కంటికి కనబడని లీకు మరింత చిక్కైనది. ట్యాంకు ఇంజనుకంటె దిగువన ఉన్న యంత్రాలలో ఫీడు పంపు డీజిల్‌ను పైకి పీల్చుకుంటుంది. ఆ గొట్టానికి సన్నని పగులు పడితే, ఇంజను నడుస్తున్నంతసేపు డీజిల్ బయటికి రాదు, గాలి లోనికి పోతుంది. అటువంటి ఇంజను రాత్రంతా నిలిచి, ఉదయం ఎంత త్రిప్పినా పలుకదు. పలికినా నాలుగు నిమిషాలలో ఆగిపోతుంది. పంపు చెడిపోయిందని తలచి దానిని విప్పించుకునేవారు ఎందరో! పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం తాత్కాలికంగా అమర్చి చూస్తే, బుడగలు వస్తున్నదీ లేనిదీ తేలిపోతుంది.

పంపునుండి ఇంజెక్టరుకు పోయే ఉక్కు గొట్టం విషయంలో మేము గట్టిగా హెచ్చరించదలచుకున్నాము. పాత తరహా ఇంజనులలోనే అక్కడ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలు. నేటి కామన్ రైల్ ఇంజనులలో అంతకు ఎన్నో రెట్లు. పగులునుండి చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. గాయం సూదిపోటంతే కనిపించినా, శస్త్రచికిత్స ఆలస్యమైతే వ్రేలో చేయో పోగొట్టుకోవలసి రావచ్చు. ఇంజను నడుస్తుండగా అక్కడ చేతితో తడిమి చూడరాదు. దూరంగా నిలిచి అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. పగిలిన గొట్టానికి వెల్డింగు పనికిరాదు, క్రొత్తది వేయవలసిందే.

మిగిలిన మరమ్మతులు సులభమే. రాగి వాషరు వాడుకలో గట్టిపడి సందు విడుస్తుంది. క్రొత్తది దొరకనప్పుడు మిస్త్రీలు పాతదానినే ఎర్రగా కాల్చి చల్లార్చి వేస్తారు. కాలిన రాగి మెత్తబడి తిరిగి సర్దుకుంటుంది. కారుతున్నదని పానాతో బలంకొద్దీ బిగిస్తే మరలు తెగుతాయి. (పానా అన్న మాట మన కళాశాలలో ఉర్దూవారికీ తెలుగువారికీ ఒకటే!) మరలకు టేపు చుట్టడం కూడ తగదు, దాని తునకలు ఇంజెక్టరు రంధ్రాలను మూసివేస్తాయి.

ఇంజనాయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతూ, పలుచబడి, డీజిల్ వాసన వేస్తున్నదంటే లీకు లోపలనే ఉన్నదన్నమాట. వెంటనే ఇంజను ఆపాలి. పలుచని ఆయిలుతో బేరింగులు అరిగిపోతాయి. కారణం కనిపెట్టి సరిచేసి, ఆయిలు మార్చిన పిమ్మటనే తిరిగి నడపాలి.

గొట్టాలు విప్పిన ప్రతిసారి లోన గాలి చేరుతుంది. ఫిల్టరుపైనున్న స్క్రూను కొద్దిగా వదులు చేసి, చేతిపంపు ఆడించి, నురుగు పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేవరకు వదలి, మరల బిగించాలి. తరువాత ఇంజనును అరగంట నడిపి, ఆపి, ప్రతి జాయింటునూ పొడిగుడ్డతో అద్ది చూడాలి.